గడువుకు ముందే తెరిచిన పాతర

రొద్దానికి మూడు మైళ్ళ దూరంలోని ఆ ఊళ్ళో కమలాక్షికి పిసినారి కోడలని పేరు. ఆ మాట విని ఆమె ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. పెద్దకోడలు గంగక్క ఉండగానే అత్త వెంకటసుబ్బమ్మ వంటింటి పెత్తనం చిన్నకోడలి చేతికి ఇచ్చిందంటే ఆ గుణం చూసే ఇచ్చింది. ఉలవలు ఉడికిన నీళ్ళు రాత్రికి చారు, ఆ ఉలవలే పొద్దున పిల్లలకు గుగ్గిళ్ళు. రాగిపిండి జల్లించగా మిగిలిన పొట్టు అంబలిలోకి పోయేది. పులుసు తీసిన చింతపిప్పితో చెంబులు తోమేది. పిల్లలు పోసుకున్న నీళ్ళు కూడా ఊరికే పారేవి కావు, కాలవ తిరిగి బీరపాదుకు చేరేవి.

ఆమె పుట్టినిల్లు హిందూపురం. అక్కడ ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. భర్త శంకరప్ప ఇప్పుడు ఆ హిందూపురంలోనే బెల్లం మండీలో మూటలు మోస్తున్నాడు. బెల్లం రాక కార్తీకం దాటితే గాని మొదలుకాదు. అంతవరకు మండీ అరుగు మీద పడుకొని, దొరికిన పని చేసుకొని, తన పొట్ట తాను పోసుకోవడమే అతనికి గగనం. ఊళ్ళో సేద్యమంతా శంకరప్ప అన్న హనుమంతప్పది. ఆయన, ఆయన భార్య గంగక్క, వాళ్ళ ముగ్గురు పిల్లలు, అత్త, కమలాక్షి, ఆమె మూడేళ్ళ కూతురు అంజని. ఎనిమిది నోళ్ళు. పది నెలల చంటివాడు ఇంకా తల్లిపాల మీదే ఉన్నాడు.

ఆ ఏడు, అంటే అరవై ఐదులో, వానలు మొదట్లోనే మొహం చాటేశాయి. వేరుశెనగ ఊడలు దిగకముందే మాడిపోయింది. శ్రావణమంతా ఆకాశం చూసి చూసి మెడలు నొప్పి పుట్టాక, భాద్రపదంలో నాలుగు జల్లులు పడ్డాయి. ఆలస్యమైనా సరే అని హనుమంతప్ప రాగి నాటించాడు. ఆ పైరు చేతికి రావాలంటే పుష్యమాసం చివర. అందాకా ఇంటికి ఆధారం పాతర ఒక్కటే.

పశువుల కొట్టం పక్కన గట్టి గరుసు నేలలో తాతలనాడు తవ్విన పాతర అది. పైన మనిషి దూరేంత మూతి, లోపల కుండ కడుపులా వెడల్పు. చుట్టూ గడ్డి పరిచి, రాగులు పోసి, మూతి మీద బండ పెట్టి, బూడిద, తవుడు కలిపి తొక్కిన మట్టితో మెత్తేవాళ్ళు. ఎండాకాలం ఎండకు ఆ మెత్తు రాయిలా బిగిసేది. గాలి సోకని గింజ రెండేళ్ళయినా చెడేది కాదు. ఒకటే కట్టుబాటు. వానలు వెనకబట్టి, ఆశ్వయుజం ఎండ గట్టిపడి, విజయదశమి దాటాకే తెరవాలి. తెరిచిన రోజే మొత్తం తోడెయ్యాలి. సగం తీసి సగం ఉంచడమన్నది ఆ చుట్టుపక్కల ఎవరింటా లేదు.

పాతరలో ఐదు మూటల పైచిలుకు ఉండాలి. మూటకు నూరు శేర్లు. రోజుకు నాలుగు శేర్ల చొప్పున విజయదశమి నుంచి నూట ఇరవై ఐదు రోజులు వస్తుంది. పైరు చేతికి రావడానికి నూట పది రోజులు చాలు. కమలాక్షి లెక్కలో పదిహేను రోజుల తిండి మిగులు కూడా ఉంది. తప్పింది పాతర లెక్క కాదు, రోజువారీ తిండికి ఇంట్లో గరిసెలో పోసుకున్న గింజల లెక్క. ఆడబిడ్డ కాన్పుకు వచ్చి, పథ్యం తిని, వచ్చిపోయే చుట్టాలతో రెండు నెలలుండి వెళ్ళింది. విజయదశమి దాకా రావలసిన గరిసె వినాయక చవితికే అడుగంటింది.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు కమలాక్షి. ఎలా చెబుతుంది? గంగక్కను కాదని అత్త ఇచ్చిన పెత్తనం. ముందు తన పూట తగ్గించుకుంది. సంగటి ముద్దలో గురుగాకు ఎక్కువ, పిండి తక్కువ చేసింది. వారం గడిచేసరికి పాలు తగ్గాయి. చంటివాడు రొమ్ము వదిలి ఏడ్చేవాడు, మళ్ళీ పట్టి మళ్ళీ ఏడ్చేవాడు. అంజని జబ్బ చుట్టూ బొటనవేలు, చూపుడువేలు కలిపి చూసేది కమలాక్షి. మొదట వేళ్ళ కొసలు తగిలేవి. తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. దినదినమూ చూడటం మానుకోలేకపోయింది. పిల్ల నవ్వుతూ ఉన్నా, ఆడుతూ ఉన్నా, ఆమె కళ్ళు ఆ జబ్బ మీదికే పోయేవి.

ఒక మధ్యాహ్నం అందరూ కలుపుకు పోయారు. కమలాక్షి పలుగు తీసుకొని పాతర దగ్గరికి వెళ్ళింది. మెత్తు పగలగొట్టి బండ జానెడు జరిపింది. వెదురుగడ కొసకు టెంకాయ చిప్ప కట్టి, లోపలికి దించి, రెండు శేర్లు తోడింది. బండ మళ్ళీ జరిపి, మట్టి తడిపి మెత్తింది. గాలి సోకకుండా మూసేస్తే పాతరకు తెలిసేదేముంది? బడిలో అయ్యవారు గాజుజాడీ కింద దీపం పెట్టి చూపించిన పాఠం ఆమెకు బాగా గుర్తే. మూసినచోట ఉన్న గాలి అయిపోతే దీపం ఆరిపోతుంది, పురుగూ చస్తుంది. అంతే కదా. ఆమె మర్చిపోయిందల్లా భాద్రపదంలో గాలి ఒట్టి గాలి కాదని. అందులో నీళ్ళుంటాయి.

మరునాడు మళ్ళీ తీసింది. అలా పద్దెనిమిది రోజులు.

పెద్దల అమావాస్యనాడు ఆ రాగులే వండి పెద్దలకు పెట్టారు. అత్త తన ముద్ద ముందు పెట్టుకొని, ఊరిబిండి అద్దుకుంటూ గంగక్కకు వినబడేలా చిన్నకోడలిని మెచ్చుకుంది.

"చూడు, ఊరంతా గరిసెలు గీకుతాండారు. మన ఇంట్లో ఇంకా గింజుండాది. చెయ్యి బిగువుండాల మే ఆడదానికి."

"చెయ్యి బిగువో, ముద్ద చిన్నదో," అంది గంగక్క. "నా కొడుకు నిన్న రాత్రి నిద్దట్లో చప్పరిస్తాన్న్యాడు."

అందరూ నవ్వారు. కమలాక్షి కూడా నవ్వింది.

పద్దెనిమిదో రోజు తోడిన గింజ అరచేతికి వెచ్చగా తగిలింది. ఎండ వేడేమో అనుకొని నీడలోకి తెచ్చి మళ్ళీ చేతిలో పోసుకుంది. నీడలోనూ వెచ్చగానే ఉంది. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు తాకినట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన సన్నగా వచ్చింది. ముందటి రాత్రి కురిసిన జల్లుకు పచ్చి మెత్తు కరిగి, బండ అంచు వెంబడి చిన్న కాలవ కట్టి ఉంది. ఆ కాలవ బండ సందులోంచి నేరుగా పాతరలోకి దిగింది.

ఆ రోజే చెప్పి ఉంటే ఎంత మిగిలేదో. చెప్పలేదు. బూడిద కలిపి గట్టిగా మెత్తి, పైన తాటాకుల చాప కప్పి, ఇక ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. పండక్కని అత్త దాచిన కొర్రలు అడిగి తీసుకుని వాటితో నెట్టుకొచ్చింది. విజయదశమికి ఇంకా పది రోజులుంది. ప్రతి సాయంత్రం పేడ తీసే నెపంతో వెళ్ళి బండ మీద చెయ్యి పెట్టి చూసేది. రాయికి వేడి తెలుస్తుందా? తెలియదు. అయినా పెట్టేది. కొట్టుకుపోయేవాడు గడ్డిపరక పట్టుకున్నట్టు, వాసన రాని రోజు బాగుందని ఒక్క పూట నమ్మేది. మరునాటికి ఆ నమ్మకం పోయేది.

విజయదశమి దాటిన మూడోనాడు పాతర తెరిచారు. హనుమంతప్ప పొద్దున్నే బండ తీయించి, ఆవిరి పోవడానికి మధ్యాహ్నం దాకా వదలమన్నాడు. పాతరలో చెడుగాలి ఉంటుందని, తొందరపడి దిగినవాడు మళ్ళీ పైకి రాడని అక్కడ అందరికీ తెలుసు. తాడుకు లాంతరు కట్టి దించి చూడటం వాడుక. కానీ పొద్దెక్కకముందే ఈశాన్యం నల్లబడింది. గాలిలో తడి తగిలింది. తెరిచిన పాతర మీద వాన పడితే ఐదు మూటలూ పోయినట్టే. హనుమంతప్ప గడువు చూడలేదు. లాంతరు సగం దాకా దించాడు. మంట చిన్నదైంది గాని ఆరలేదు. చాలన్నాడు. తాడు చంకల కింద బిగించుకున్నాడు.

కమలాక్షి కొట్టం గుంజ పక్కన చంటివాడిని ఎత్తుకొని నిలబడి ఉంది. కాపురానికి వచ్చిన ఆరేళ్ళలో ఆమె బావ ఎదుట నోరు విప్పింది లేదు. ఆయన వస్తే తలుపు చాటుకు తప్పుకోవడం, చెప్పవలసింది అత్త చేత చెప్పించడం ఆ ఇంటి మర్యాద. ఆమె కళ్ళు లాంతరు మీదే ఉన్నాయి. ఉడికి పులుస్తున్న గింజ గాలిని తినేస్తుంది, తిని చెడుగాలి వదులుతుంది, ఆ గాలి బరువు. అది సగంలో ఉండదు, అడుగున ఉంటుంది. ఇదంతా ఆమెకు తెలుసు. ఆమెకు ఒక్కదానికే తెలుసు. నోరు మూసుకుంటే తన తప్పు బయటపడకపోవచ్చు. రాగులు తమంతట తామే చెడిపోయాయని అందరూ అనుకోవచ్చు.

హనుమంతప్ప ఒక కాలు పాతరలో పెట్టాడు.

"బావా, దిగొద్దు."

ఆయన అలాగే ఆగిపోయాడు. అత్త చటుక్కున తిరిగి చూసింది.

"ఎవురితో మాట్లాడతాండావో తెలిసే మాట్లాడతాండావా?"

"లాంతరు అడుగుదాకా దించలేదత్తా. అడుగున గాలి చెడుంటాది. లోపల గింజ ఉడికిపోయింది."

హనుమంతప్ప ఆమె వైపు చూడకుండా తల్లిని అడిగాడు. "తెరవని పాతరలో గింజ ఉడికిందని ఆ యమ్మికెట్ల తెలిసిందంట?"

"నేనే తెరిసినా," అంది కమలాక్షి. "పద్దెనిమిది దినాలు మూత తీసి తోడుకున్న్యా. గరిసె చవితికే అయిపోయ."

హనుమంతప్ప కాలు బయటికి తీశాడు. లాంతరు మళ్ళీ కట్టి, ఈసారి తాడు పూర్తిగా వదిలాడు. గింజల మట్టానికి రాగానే ఎవరో ఊదినట్టు మంట ఆరిపోయింది. రెండోసారి వెలిగించి దించాడు. మళ్ళీ ఆరిపోయింది. ఆయన ఆ ఆరిన లాంతరును చేతిలో పట్టుకొని కాసేపు చూశాడు.

అత్త ఏదో అనబోయింది. గంగక్క అడ్డం వచ్చింది.

"అరిసేది తర్వాత అరుద్దువులే అత్తా. ముందు ఆ మోడం చూడు, వానొస్తాది."

గొంగడి తెచ్చి దాని నాలుగు చెంగులకు తాడు కట్టారు. పాతరలోకి దించడం, లాగడం, మళ్ళీ దించడం. గొంగడి ఊగినప్పుడల్లా లోపలి గాలి కొంత పైకి వచ్చేది. కమలాక్షి చంటివాడిని కింద పడుకోబెట్టి తాడు అందుకుంది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఎన్నిసార్లు లాగిందో తెలియదు. జబ్బలు తిమ్మిరెక్కాయి, అరచేతుల చర్మం లేచింది. ఈలోగా చినుకులు మొదలయ్యాయి. మూతి మూస్తే గాలి పోదు, మూయకపోతే వాన లోపలికి పోతుంది. అత్త, గంగక్క, ఆమె పెద్దకూతురు తాటాకుల చాపను తల మీద ఎత్తిపట్టి పాతర మీద పందిరిలా నిలబడ్డారు. వాళ్ళ వీపుల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

నాలుగోసారికి లాంతరు ఆరకుండా నిలిచింది. హనుమంతప్ప దిగాడు. గంప గంపకూ పైనుంచి ఆయన పేరు పెట్టి పిలుస్తూనే ఉంది గంగక్క. ఆయన ఊకొడుతూనే ఉన్నాడు.

చీకటి పడకముందే అంతా తీశారు. మూడు మూటలు బాగున్నాయి. పైపొర, అంచుల వెంబడి ఉన్నదీ గడ్డలు గడ్డలుగా నల్లగా, పచ్చగా బూజు పట్టి ఉంది. అవి గేదె ముందు పోస్తే వాసన చూసి ముఖం తిప్పుకుంది. నడిమిరకంగా ఉన్నవి ఒక ముప్పాతిక మూట. చూడటానికి రంగు మారినవి, అంతే. అత్త వాటిని మూడు నీళ్ళు పోసి కడిగించింది. రెండు రోజులు ఇంట్లో పొయ్యి చుట్టూ ఆరబోయించింది. ఆ రెండు రోజులూ కమలాక్షికి చాటలు, గంపలు ఎక్కడ పెట్టాలో వేలితోనే చూపేది.

ఆరిన గింజ విసిరి అంబలి కాచారు. పిల్లలు గిన్నెలు పట్టుకొని వచ్చేశారు. కమలాక్షి కుండ మీద మూత పెట్టేసింది.

"ముందు నేను తాగుతా. రేపటిదాకా పిల్లోళ్ళకు పొయ్యొద్దండి."

అది విని గంగక్క తన ముగ్గురినీ లోపలికి తోలుకుపోయింది. కమలాక్షి గిన్నెడు తాగింది. సాయంత్రం దాకా ఏమీ కాలేదు. దీపాలు పెట్టే వేళకు నోట్లో నీళ్ళూరడం, కళ్ళు తిరగడం మొదలైంది. పెరట్లో గోడ పట్టుకొని, ప్రేగులు బయటికొచ్చేలా వాంతి చేసుకుంది. ఆ కొద్దిసేపట్లో ఆమెకు పట్టిన భయం తన ప్రాణం గురించి కాదు. ఆ విషం పాలలోకి దిగుతుందా లేదా అన్నది ఏ అయ్యవారూ ఆమెకు చెప్పలేదు. రాత్రంతా పిల్లవాడిని దగ్గరికి తియ్యలేదు. గంగక్క ఆవుపాలలో నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి వాడి నోట్లో పిండింది.

నడిమిరకం గింజలన్నీ మరునాడు దిబ్బలో పోశారు.

మిగిలింది మూడు మూటలు. మూడు వందల శేర్లు, రోజుకు నాలుగు, డెబ్భై ఐదు రోజులు. కావలసింది నూట పది. ముప్పై ఐదు రోజులు ఎవరూ ఏమీ తినకుండా బతకాలి. కమలాక్షి ఆ లెక్కను ఎన్ని రకాలుగా తిప్పిందో. శేరులో పావు తగ్గిస్తే, ఆకు పెంచితే, పెద్దవాళ్ళు రాత్రిపూట మానేస్తే. పిల్లల కంచాల దగ్గరికి వచ్చేసరికి ప్రతి లెక్కా తెగిపోయేది. ఇంట్లో ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. గంగక్క మాత్రం ఒకసారి పొయ్యి ముందు కూర్చొని, ఆ రాగులు మా పిల్లోళ్ళు కూడా తిన్నారులే అంది. అది ఓదార్పో, ఎత్తిపొడుపో కమలాక్షికి తెలియలేదు.

గంగక్క పుట్టినిల్లు కనగానపల్లి. అక్కడి నుంచి ఆమె తమ్ముడు ఒకనాడు చూసిపోవడానికి వచ్చాడు. ధర్మవరంలో దీపావళికి మగ్గాలు రాత్రింబగళ్ళు ఆడుతున్నాయని, పట్టు కండెలు చుట్టడానికి ఆడవాళ్ళు చాలడం లేదని, రెండు పూటలా బువ్వ పెట్టి వసారాలో చోటిస్తున్నారని మాటల్లో చెప్పాడు. చంకబిడ్డ ఉన్నా పరవాలేదట, చేతులు ఆడితే చాలట. అతను వెళ్ళిపోయాక కమలాక్షి అత్త దగ్గర కూర్చుంది. తాను, అంజని పోతే రోజుకు మూడు శేర్లు సరిపోతాయని, మూడు మూటలు నూరు రోజులు వస్తాయని చెప్పింది.

"నూరు," అంది అత్త. "కావాల్సింది నూటపది గదా."

"అవును."

"ఆ పది దినాలు?"



వెంకటసుబ్బమ్మ చాలాసేపు తాంబూలం పెట్టెలో సున్నం గీకుతూ కూర్చుంది. ఆకు లేదు, వక్క లేదు, ఒట్టి సున్నం. "గరిసె అయిపోయిందని చవితినాడే ఒక్క మాట చెప్పింటే, ఆ పొద్దే ఊరి మీద పడి నాలుగిండ్లలో చెయ్యి చాస్తాంటి," అంది చివరికి. "నాకేం సిగ్గు? నీకుండె సిగ్గు."

మూడో రోజు తెల్లవారి ప్రయాణం. పెనుకొండ స్టేషను తొమ్మిది మైళ్ళు. అక్కడి నుంచి ధర్మవరానికి రైలు. హనుమంతప్ప స్టేషను దాకా బండి కడతానన్నాడు, తల్లి చేత చెప్పించాడు. ఎద్దులకు దాణా లేని రోజులు, వద్దంది కమలాక్షి. శంకరప్పకు కార్డు రాసి గంగక్క చేతిలో పెట్టింది. చంటివాడిని వీపుకు కట్టుకుంది. గడప దిగుతుంటే అత్త లోపల మూట విప్పిన చప్పుడైంది. బయటికి వచ్చి, పాత చీర చెంగులో కట్టిన రెండు శేర్ల రాగులు ఆమె ముందు పెట్టింది. మంచివి.

"వద్దత్తా. ఆడ రెండు పూటలా పెడతారంట."

"అంట," అంది అత్త. "పెట్టకపోతే? నీకోసరం కాదులే. అంజని నా మొగుని తల్లి పేరు మోస్తాండాది. పట్టుకో."

ఊరు దాటాక దారంతా వేరుశెనగ చేలు. ఎండిపోయినవి పీకకుండా అలాగే వదిలేసి ఉన్నాయి. ఆశ్వయుజం ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. వానలు వెనకబట్టాయి. పాతరలు తెరవడానికి మంచి ఎండ. రెండు శేర్లంటే ఆ ఇంట్లో ఆరుగురికి రెండు పూటల కంటే తక్కువే. అయినా పూట పూటే. వెనక్కి పోయి గడపలో పెట్టి వద్దామా అని కమలాక్షి రెండుసార్లు ఆగింది. మొదటిసారి అంజని కాళ్ళు నొప్పులంది. రెండోసారి ఆ పిల్ల ఏమీ అనలేదు, దారి పక్కన కూర్చుండిపోయింది. కమలాక్షి రాగుల మూట నెత్తి మీద సర్దుకొని, కూతురిని చంకనెత్తుకుంది. ఆ జబ్బ తన మెడ చుట్టూ పడింది. దాని బరువు ఎంతో తెలుసుకోవడం ఇష్టం లేక గబగబా నడిచింది.